అరగకముందే ముసలైపోయే టైరు

పాత స్పోర్ట్స్ కారు కొనేవారు ఇంజన్ చప్పుడు చెవి పెట్టి వింటారు, అడుగున తుప్పు వెతుకుతారు, గేర్లు పడే తీరు చూస్తారు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి ఒకసారి వంగి బటన్లు చూసి, ఇంకా బాగానే ఉన్నాయనుకుని లేచి నిలబడతారు. మామూలు కారుకైతే ఈ చూపు చాలావరకు సరిపోతుంది. రోజూ తిరిగే కారు ఏడాదికి పది పదిహేను వేల కిలోమీటర్లు నడుస్తుంది కనుక, ముసలి కావడానికి తీరిక దొరక్కముందే దాని టైరు అరిగిపోతుంది. సెలవు రోజున, అదీ వాన లేనప్పుడు మాత్రమే బయటికి వచ్చే ముప్పై ఏళ్ల స్పోర్ట్స్ కారు లెక్క వేరు. ఏడాదికి 3,000 కిలోమీటర్ల చొప్పున ఏడేళ్లకు అయ్యేది 21,000. అప్పటికి గాడుల లోతు సగం దాకా మిగిలే ఉంటుంది. రబ్బరు మాత్రం గట్టిపడిపోయి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం.

ఈ ఒక్క తేడాను గుర్తిస్తే, టైర్లు కొనేటప్పుడు మామూలుగా వేసే లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఎన్ని కిలోమీటర్లు వస్తుంది అన్న ప్రశ్నకు విలువ పోతుంది. ఎప్పుడు తయారైంది అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. కొలత, రకం, బ్రాండు ఆ తర్వాతి సంగతులు.

రబ్బరు వయసు

కార్ఖానాలోంచి బయటికి రాగానే టైరు రబ్బరులో మార్పు ఆగిపోదు. గంధకం కలిపి వేడి చేసినప్పుడు అణువుల గొలుసుల మధ్య పడిన ముడులు ఆ తర్వాత కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటాయి. బయటి గాలిలోని ఆక్సిజనే కాదు, టైరులో నింపిన గాలిలోని ఆక్సిజన్ కూడా రబ్బరులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. ఓజోన్ పైపొరను చీలుస్తుంది. ఎండ, వేడి ఈ పనులన్నిటినీ తొందరపెడతాయి. వీటిని అడ్డుకోవడానికే తయారీదారులు రబ్బరులో మైనాలు, ఓజోన్ నిరోధకాలు కలుపుతారు. అవి లోపలి నుంచి ఊరి పైన పొరగా పరచుకోవాలంటే టైరు తిరగాలి, వంగాలి, వేడెక్కాలి. కవరు కప్పుకుని నెలల తరబడి నిలబడి ఉన్న కారు టైరుకు ఆ అవకాశమే లేదు. పొదుపుగా వాడిన వస్తువు పది కాలాలు మన్నుతుందన్న ఇంటి లెక్క ఇక్కడ పనిచేయదు.

సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, ఒక్కోసారి కనిపించే గోధుమరంగు మరక ఈ నిరోధకాలదే. దాన్ని మురికి అనుకుని ఘాటైన రసాయనాలతో తోమి, పైన నిగనిగలాడే పాలిష్ పూసేవారు ఉన్నారు. కారును ప్రేమగా చూసుకునే చేతులే టైరుకున్న రక్షణ పొరను ఒలిచేస్తున్నాయన్నమాట.

టైరు పుట్టిన తేదీ దాని మీదే రాసి ఉంటుంది. డీవోటీ (అమెరికా రవాణా శాఖ పేరుకు పొట్టి రూపం) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. వాటిలో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైనదని అర్థం. చిక్కేమిటంటే, పూర్తి వరుస తరచు టైరుకు ఒక వైపే ఉంటుంది. బిగించిన తీరును బట్టి ఆ వైపు కారు లోపలికి పడిందంటే టార్చి పట్టుకుని కారు కింద తల దూర్చక తప్పదు. తల దూర్చినప్పుడు చేయదగ్గ పని మరొకటి ఉంది. బటన్ అంచును బొటనవేలి గోటితో గట్టిగా నొక్కాలి. మంచి స్థితిలో ఉన్న వేసవి టైరులో (వెచ్చటి రోడ్ల కోసం చేసిన రకం) గోరు కాస్త దిగుతుంది, తీయగానే గుర్తు మాయమవుతుంది. ముసలి టైరు మీద అది బకెట్టు ప్లాస్టిక్ మీద జారినట్టు జారుతుంది. గాడుల అడుగున, సైడ్‌వాల్ మడత దగ్గర వెంట్రుక మందాన పగుళ్లు కూడా కనిపిస్తే ఇక ఆలోచించాల్సింది లేదు.

ఇది అతి జాగ్రత్తలా తోచేవారికి ఒక ఉదంతం. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో పోర్షె కరేరా జీటీ కారు అదుపు తప్పి, అందులో ప్రయాణిస్తున్న నటుడు పాల్ వాకర్, కారు నడుపుతున్న ఆయన మిత్రుడు మరణించారు. గంటకు 130 నుంచి 150 కిలోమీటర్ల మధ్య ఉన్న వేగమే ప్రధాన కారణమని దర్యాప్తు తేల్చింది. దాంతోపాటు కారుకున్న టైర్లు తొమ్మిదేళ్ల పాతవని, వాటి వయసు కారు నడకపై ప్రభావం చూపి ఉండవచ్చని కూడా పేర్కొంది. అరుదైన కారు, తక్కువ వాడకం, చూపుకు బాగున్న టైర్లు. పాత స్పోర్ట్స్ కార్లు ఉన్న షెడ్లలో చాలావాటి పరిస్థితి ఇదే.

చాలామంది కార్ల తయారీదారులు ఆరేళ్లను మార్పిడి గడువుగా చెబుతారు. టైర్ల కంపెనీలు ఎక్కువగా చెప్పే ఆఖరి హద్దు పదేళ్లు. ఈ రెండో అంకె మెల్లగా నడిచే కుటుంబ కార్లకు సరేననుకోవచ్చు. మలుపులో పట్టు మీద ఆధారపడి నడిచే కారుకు ఆరు, మహా అయితే ఏడు దాటనివ్వకపోవడమే మంచిది. ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే రబ్బరు, ఎంత మిగిలిందన్నది ఈ నిర్ణయంలోకి రానే కూడదు. దుకాణంలో కొత్తగా అమ్మే టైరుకూ ఇదే పరీక్ష పెట్టాలి. గోడౌనులో నాలుగేళ్లు పడుకున్న టైరు మీద కాగితపు చీటీ చెక్కుచెదరకుండా ఉండవచ్చు. అది కొత్తదే, కానీ దాని ఆయుష్షులో సగానికి పైనే ఖర్చయిపోయింది. ఆర్డరు ఇచ్చేటప్పుడే తేదీ అడగడం, బిగించకముందే నాలుగింటినీ చదవడం అవసరం.

వాడుకోలేని మన్నిక

అమెరికా నిబంధనల ప్రకారం కార్ల టైర్ల మీద ట్రెడ్‌వేర్ అంకె ముద్రిస్తారు. ప్రామాణిక టైరును 100గా తీసుకుని, దానితో పోలిస్తే ఎంత మెల్లగా అరుగుతుందో చెప్పే అంకె ఇది. 400 ఉన్న టైరు 200 ఉన్నదానికి రెట్టింపు మన్నాలి. అయితే పరీక్ష ఫలితాల ఆధారంగా ఆ అంకెను నిర్ణయించుకునేది తయారీదారే కనుక, ఒక కంపెనీ అంకెను మరో కంపెనీ అంకెతో పోల్చడం అంతగా కుదరదు. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు పనికివస్తుంది.

ఏడాదికి 3,000 కిలోమీటర్లు నడిచే కారు యజమాని ఎక్కువ అంకె చూసి మురిసిపోతే, ఎన్నటికీ వాడుకోలేని మన్నికను కొనుక్కుంటున్నట్టే. దాని కోసం వదులుకునేది రబ్బరు మెత్తదనాన్ని, అంటే తడి రోడ్డు మీద పట్టును. త్వరగా అరుగుతుందని రోజువారీ కార్ల వారు పక్కన పెట్టే మెత్తటి టైరు ఈ కారుకు సరైనది. అరగడానికి ఎలాగూ దానికి సమయం దొరకదు.

అలాగని మెత్తదనంలో చివరిదాకా పోవడమూ తెలివి కాదు. రేస్ ట్రాక్ కోసం చేసి, రోడ్డు మీద కూడా అనుమతి పొందిన అరకొర గాడుల టైర్లు ఉంటాయి. అవి బాగా వేడెక్కితేనే పట్టు ఇస్తాయి. అరగంట షికారులో వాటికి ఆ వేడి రాదు, నీరు నిలిచిన రోడ్డు మీద అవి తేలిపోతాయి. వేసవి టైర్లకు కూడా ఉష్ణోగ్రత దాదాపు 7 డిగ్రీల కన్నా పడిపోతే రబ్బరు బిగుసుకుంటుంది. చలికాలంలోనూ కారు తీసేవారు ఆ కాలానికి తగినవి వేరే పెట్టుకోవాలి.

కొలతల కరువు

అసలు తలనొప్పి ఇక్కడ మొదలవుతుంది. స్పోర్ట్స్ కార్ల చక్రాలు దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చాయి. 13, 14, 15 అంగుళాల రిమ్ములకు ఒకప్పుడు మేలి రకం టైర్లు చేసిన కంపెనీలు ఇప్పుడు ఆ రకాలను 17, 18 అంగుళాల నుంచి మొదలుపెడుతున్నాయి. చిన్న కొలతలు పూర్తిగా మాయం కాలేదు, వాటి స్థాయి మాత్రం పడిపోయింది. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 కొలత 185/60 ఆర్14, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 14 అంగుళాలు. ఈ కొలతలో టైరు దొరుకుతుంది. దొరికేది ఎక్కువగా చిన్న కుటుంబ కార్ల కోసం, ఇంధనం ఆదా చేయడానికి, ఎక్కువ కాలం మన్నడానికి చేసిన టైరు. కొలత బతికే ఉంది, రకం పోయింది.

205/55 ఆర్16 సంగతి మరీ విచిత్రం. 16 అంగుళాల చక్రాలున్న 1980ల పోర్షె 911 కరేరాకు ఇది ముందు చక్రాల కొలత, వెనకవి 225/50 ఆర్16. 1999లో వచ్చిన హోండా ఎస్2000కు కూడా సరిగ్గా ఇవే రెండు కొలతలు. ఒకటి వెనక ఇంజన్ జర్మన్ కారు, మరొకటి ముందు ఇంజన్ జపాన్ కారు. ఇద్దరి చెప్పులూ ఒకే కొలత. తర్వాతి కాలంలో 205/55 ఆర్16 చాలా కుటుంబ కార్ల కొలత అయిపోయింది కనుక ముందు చక్రాలకు లెక్కలేనన్ని రకాలు దొరుకుతాయి. 225/50 ఆర్16లో మేలి రకాలు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవే. ముందొక రకం, వెనకొక రకం వేస్తే నాలుగు చక్రాలూ ఒక మాట మీద నడవవు. కాబట్టి ఎంపిక వెనక చక్రం నుంచి మొదలుపెట్టాలి. అరుదైన కొలతలో ఏ రకాలున్నాయో ముందు చూసి, వాటిలో ముందు చక్రాలకు కూడా వచ్చే రకాన్ని పట్టుకోవాలి. చాలామంది ఇది తిరగేసి చేసి, ముందు జత కొన్నాక వెనక జత కోసం వెతుకులాటలో పడతారు.

ఈ వెతుకులాట మరీ ముదిరిన చోట్లు కూడా ఉన్నాయి. 1978 నాటి లాంబోర్గిని కౌంటాక్ ఎల్‌పీ400 ఎస్ వెనక చక్రాలకు 345/35 ఆర్15 పిరెల్లి పీ7 టైర్లు వేశారు. అంత వెడల్పు టైరు, అంత చిన్న రిమ్ము కలిసి వచ్చే కార్లు చాలా అరుదు. మిష్లాన్ కంపెనీ 1970లలో తెచ్చిన టీఆర్ఎక్స్ టైర్లదీ ఇలాంటి కథే. వాటి రిమ్ములు అంగుళాల్లో కాక మిల్లీమీటర్లలో ఉంటాయి. 390 మిల్లీమీటర్ల రిమ్ము 15 అంగుళాలకు 9 మిల్లీమీటర్లు ఎక్కువ, 16కు 16 తక్కువ. టైరు అంచు కూర్చునే ఆకారం కూడా వేరు. మామూలు టైరును దాని మీదికి ఎక్కించడానికి ప్రయత్నించడం ప్రాణాంతకం. ఇలాంటి కార్ల వారికి మిగిలేవి రెండే దారులు. పాత రకాలనే కొత్తగా అచ్చు పోసే మిష్లాన్ క్లాసిక్, పిరెల్లి కొలెజియోనే వంటి శ్రేణుల్లో తమ కొలత ఉందేమో చూడాలి, లేదా రిమ్ములే మార్చుకోవాలి. ఇలాంటి అరుదైన టైర్లను ఏడాది పొడవునా చేయరు, కొన్నాళ్లకొకసారి ఒక విడతగా పోస్తారు. పాత విడతలో మిగిలిన మూడేళ్ల సరుకు కొనడం కన్నా తర్వాతి విడత కోసం ఆగడం లాభం. ఎలాగూ ఆ కారు రేపు పొద్దున పనికి వెళ్లాల్సింది కాదు.

రిమ్ము మార్చి ఒక అంగుళం పెంచడం ఎప్పుడూ అపచారమేమీ కాదు. చూడాల్సింది చక్రం మొత్తం వ్యాసం. 185/60 ఆర్14లో రిమ్ము 355.6 మిల్లీమీటర్లు. సైడ్‌వాల్ ఎత్తు 185లో 60 శాతం, అంటే 111. పైనా కిందా రెండు కలిపితే మొత్తం 577.6. అదే 195/50 ఆర్15 తీసుకుంటే రిమ్ము 381, సైడ్‌వాల్ రెండు వైపులా కలిపి 195, మొత్తం 576. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, గేర్ల నిష్పత్తి మారదు, చక్రం ఫెండరుకు తగలదు. మాజ్డా కూడా రెండో తరం ఎంఎక్స్-5కు ఈ కొలతను ఇచ్చింది. అదే 195/55 ఆర్15 అయితే వ్యాసం 595.5కు పెరుగుతుంది, అంటే మూడు శాతం పైన తేడా. కాగితం మీద ఒక్క అంకె మారింది, కారు గేర్లన్నీ పొడవైపోయాయి, అంటే ఇంజన్ అంతే తిరిగినా కారు ఎక్కువ దూరం పోతుంది.

పాత కార్ల పుస్తకాల్లో కనిపించే 165 ఆర్15 లాంటి కొలతలో ఆ రెండో అంకె ఉండదు. అది లేకపోతే సైడ్‌వాల్ ఎత్తు వెడల్పులో సుమారు 80 శాతం పైన అని అర్థం. వేగం అక్షరాలూ పాతవి మోసం చేస్తాయి. 205/55 వీఆర్16 అని రాసిన కాలంలో ఆ వి అంటే 210 కిలోమీటర్లకు పైన అని. నేటి వి అక్షరానికి హద్దు 240, డబ్ల్యూకు 270, వైకి 300. 200 దాటి ఎలాగూ నడపం కదా, 210 దాకా పనికొచ్చే హెచ్ రకం చాలదా అని అడిగేవారికి జవాబు: ఆ అక్షరం వేగాన్ని మాత్రమే చెప్పదు. అంత వేగంలో పుట్టే వేడిని తట్టుకునే కట్టుబడిని కూడా చెబుతుంది. హెచ్ టైరు చాలావరకు మెత్తటి ప్రయాణం కోసం చేసింది, మలుపులో ఆ తేడా స్టీరింగ్‌కు తెలిసిపోతుంది.

ఎక్కువ పట్టు, తక్కువ మాట

ముప్పై ఏళ్ల కారుకు నేటి అత్యుత్తమ టైరు వేస్తే కారు బాగుపడుతుందన్న నమ్మకం బలంగా ఉంది. బ్రేకు వేసినప్పుడు, తడి రోడ్డు మీద ఇది నిజమే. 1990ల మొదటి నుంచి రబ్బరులో సిలికా (ఇసుకలో ఉండే పదార్థపు మెత్తటి పొడి) వాడకం పెరిగాక తడి పట్టు బాగా మెరుగుపడింది, దాన్ని కాదనడం మూర్ఖత్వం. మలుపు దగ్గర మాత్రం వ్యవహారం అంత సూటిగా ఉండదు.

మలుపు తిరిగేటప్పుడు టైరు తాను చూస్తున్న దిశలోనే కచ్చితంగా పోదు, కొద్ది కోణంలో పక్కకు జారుతూ పోతుంది. ఎత్తైన సైడ్‌వాల్ ఉన్న పాత టైరులో ఆ కోణం పెరిగే కొద్దీ పట్టు నెమ్మదిగా గరిష్ఠానికి చేరి, నెమ్మదిగానే తగ్గుతుంది. మధ్యలో అది కీచుమని అరుస్తుంది, స్టీరింగ్ బరువు మారుతుంది, డ్రైవరుకు హెచ్చరిక అందుతుంది. బిగుతైన సైడ్‌వాల్ ఉన్న కొత్త రకం టైరు తక్కువ కోణంలోనే చాలా ఎక్కువ పట్టు ఇస్తుంది, వదిలేటప్పుడు హఠాత్తుగా వదిలేస్తుంది. పాత కారు స్ప్రింగులు, బుష్షులు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), స్టీరింగ్ ఆ మొదటి రకం టైరును మనసులో పెట్టుకుని అమర్చినవి. అదనపు పట్టు తెచ్చే బరువంతా అరిగిన బుష్షుల మీద, చక్రాల బేరింగుల మీద పడుతుంది. పవర్ స్టీరింగ్ లేని కారుకు వెడల్పు టైర్లు వేస్తే పార్కింగ్ వ్యాయామశాల అవుతుంది. వెడల్పు పెరిగితే తడి రోడ్డు మీద పక్కకు నెట్టాల్సిన నీరూ పెరుగుతుంది. తేలిక కారు కింద అది మరింత త్వరగా నీటి మీద తేలుతుంది.

టైరు కారు స్వభావాన్ని ఎంతగా మార్చగలదో తయారీదారులకు బాగా తెలుసు. రెండో తరం టయోటా ఎంఆర్2 మొదట్లో హఠాత్తుగా వెనక జారుతుందన్న పేరు తెచ్చుకుంది. టయోటా తర్వాత సస్పెన్షన్ సవరించడంతో పాటు చక్రాలను 14 నుంచి 15 అంగుళాలకు పెంచి, వెనక టైరు వెడల్పును 205 నుంచి 225కు తీసుకెళ్లింది. ముందు 195 అలాగే ఉంచింది. అంటే ముందు, వెనక వెడల్పుల తేడా వాళ్లు లెక్కగట్టి పెట్టినది. చూపుకు బాగుంటుందని ముందు కూడా 225 వేసే యజమాని ఆ లెక్కను చెరిపేస్తున్నాడు.

ఇలాంటి కార్లకు కంపెనీ గుర్తున్న టైర్లు దొరికితే అవే మొదటి ఎంపిక కావాలి. పోర్షె ఆమోదించిన టైర్ల మీద ఎన్0, ఎన్1, ఎన్2 అన్న గుర్తులుంటాయి. పెద్ద అంకె అంటే మేలైనదని కాదు, ఆ టైరు తర్వాతి సవరణ అని. ఒకే కారుకు వేర్వేరు ఎన్ అంకెలు కలపకూడదు. బీఎండబ్ల్యూకు నక్షత్రం గుర్తు, మెర్సిడెస్‌కు ఎంఓ. రెండో తరం లోటస్ ఎలీజ్ కోసం యోకోహామా చేసిన టైర్ల మీద ఎల్‌టీఎస్ అని ఉంటుంది. ఆ అక్షరాలు లేని అదే పేరు టైరు, అదే కొలతలో ఉన్నా, ఆ కారు కోసం చేసింది కాదు. గుర్తున్నవి ఎక్కడా దొరకనప్పుడు మామూలు మోస్తరు రకం, నాలుగు చక్రాలకూ ఒకటే, తాజా తేదీతో తీసుకోవడం గుడ్డిలో మెల్ల. పేరున్న కంపెనీ అత్యుత్తమ రకాన్ని ముందు రెండింటికి, చేతికి దొరికింది వెనక రెండింటికి వేయడం కన్నా అది ఎన్నో రెట్లు నయం.

రెండే మార్చక తప్పకపోతే కొత్తవి వెనక్కి పోవాలి. కారు ముందు చక్రాలతో నడిచేదైనా, వెనక చక్రాలతో నడిచేదైనా ఇదే పద్ధతి. ముందు పట్టు తగ్గితే కారు తిన్నగా పోతుంది, డ్రైవరు వేగం తగ్గించుకుంటాడు. వెనక తగ్గితే తిరిగిపోతుంది, అప్పుడు తగ్గించుకోవడానికి వ్యవధి ఉండదు. నాలుగు చక్రాలూ నడిపే లాన్సియా డెల్టా ఇంటెగ్రాలే, ఆడి క్వాట్రో వంటి కార్లకు ఈ సర్దుబాటు కూడా చెల్లదు. ముందు, వెనక వ్యాసాల్లో తేడా ఉంటే ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ రోడ్డు పొడవునా ఆ తేడాను మింగుతూ ఉండాలి. వాటికి నాలుగూ ఒకేసారి మార్చడమే దారి.

బిగించే రోజున రిమ్ముల మీద కూడా ఒక కన్నేయాలి. తీగ చువ్వల చక్రాలకు సాధారణంగా ట్యూబు తప్పదు. చాలా పాత రిమ్ములకు టైరు అంచును ఆపే లోపలి గట్టు ఉండదు, వాటి మీద ట్యూబ్‌లెస్ పెడితే గట్టి మలుపులో అంచు ఊడి గాలి పోవచ్చు. అలైన్‌మెంట్ కొత్త టైర్ల మీదే చేయించాలి. గాలి ఒత్తిడి కారు పుస్తకంలో ఉన్న అంకెతో మొదలుపెట్టి, కట్టుబడి వేరైతే కొద్దికొద్దిగా మార్చి చూసుకోవాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు తొందరపడకూడదు, అచ్చు నుంచి తీయడానికి పూసిన జిడ్డు అప్పటికి గాని పోదు.

నాలుగూ మారాక డిక్కీలో ఐదోది మిగులుతుంది. పాత స్పోర్ట్స్ కార్లలో స్పేర్ టైరు కారుతో పాటు పుట్టినదే అయి ఉండడం అరుదేమీ కాదు. దాని బటన్లు నిన్న అచ్చు పోసినట్టుంటాయి, అచ్చు గీతలు కూడా చెరగవు. దుమ్ము తుడిచి డీవోటీ వరుస చివర చూస్తే నాలుగు అంకెలకు బదులు మూడే కనిపించవచ్చు. 2000కు ముందు పద్ధతి అది: మొదటి రెండూ వారం, చివరిది ఒక్కటే సంవత్సరం. 398 అంటే 39వ వారం, ఎనిమిదో ఏడు. అది 1988వదో 1998వదో ఆ అంకెలు చెప్పవు. పక్కన చిన్న త్రికోణం ఉంటే 1990లది.